ఇంట్లోనే ఐఎన్ఆర్, ఇంట్లోనే డోసు నిర్ణయం: మెటల్ వాల్వ్ ఉన్న ఒక పేషెంట్ కేస్ స్టడీ

నేను వార్ఫరిన్ (రక్తం గడ్డకట్టకుండా చూసే మందు) వాడేవాళ్ళను చూసే క్లినిక్‌లో డాక్టర్‌ని. మా పేషెంట్లలో కొంతమంది ఇంట్లోనే వేలు గుచ్చి ఐఎన్ఆర్ చూసుకుంటారు. ఐఎన్ఆర్ అంటే రక్తం గడ్డకట్టడానికి ఎంతసేపు పడుతోందో చెప్పే అంకె, అది పెరిగితే రక్తస్రావం భయం, తగ్గితే గడ్డల భయం. వాళ్ళలో కొద్దిమంది ఆ అంకెను బట్టి డోసు కూడా తామే సర్దుకుంటారు. ఈ రెండూ ఒకటే పని అన్నట్టు చాలామంది మాట్లాడుతుంటారు, డాక్టర్లతో సహా. మొదటిది ఒక పూటలో నేర్పేయొచ్చు. రెండోది రావడానికి నెలలు పడుతుంది, ఎందుకంటే అందులో ముఖ్యంగా నేర్చుకోవాల్సింది డోసు ఎప్పుడు ముట్టుకోకూడదో. ఆ సంగతి నాకు బాగా స్పష్టంగా కనిపించిన కేసు ఇది. పేషెంట్ అనుమతితో, గుర్తుపట్టే వివరాలు మార్చి రాస్తున్నాను.

నేపథ్యం

పేషెంట్ నలభై దాటిన టీచర్. చిన్నతనంలో వచ్చిన రుమాటిక్ ఫీవర్ గుండెలోని మైట్రల్ కవాటాన్ని పాడుచేసింది. కొన్నేళ్ళ క్రితం ఆపరేషన్ చేసి దాని స్థానంలో మెటల్ వాల్వ్ పెట్టారు. ఏట్రియల్ ఫిబ్రిలేషన్ కూడా ఉంది, అంటే గుండె పై గదులు లయ తప్పి కొట్టుకుంటాయి. ఈ రెండింటివల్లా రక్తం గడ్డకట్టే ప్రమాదం ఎక్కువ కాబట్టి వార్ఫరిన్ జీవితాంతం వాడాల్సిందే.

మైట్రల్ చోట మెటల్ వాల్వ్ ఉన్నవాళ్ళకు ఐఎన్ఆర్ 3.0 దగ్గర ఉండాలి. 2.5 నుంచి 3.5 వరకు పరవాలేదు. వార్ఫరిన్ వాడే మిగతా చాలామందికి, ఉదాహరణకు కాలి సిరలో గడ్డ కట్టినవాళ్ళకు, 2 నుంచి 3 మధ్య ఉంటే చాలు. ఈ తేడా చూడటానికి చిన్నది. కానీ ఈమెకు 2.1 వచ్చిన రోజున రిపోర్టు చూసి "బాగానే ఉంది" అని పంపించేసిన సందర్భం పాత ఫైల్లో ఉంది. ఆమెకు అది బాగున్నట్టు కాదు.

ఆ ఫైల్లో అన్నిటికంటే ముఖ్యమైంది ఒక నెల రోజుల భాగం. విరేచనాలు పట్టుకుని ఆమె కొన్ని రోజులు సరిగ్గా తినలేదు. దగ్గర్లోని డాక్టర్ మెట్రోనిడజోల్ అనే యాంటీబయాటిక్ రాశారు. తిండి తగ్గినా, ఈ మందు వేసుకున్నా ఐఎన్ఆర్ పెరుగుతుంది. ఆ వారం ఐఎన్ఆర్ 4.8 వచ్చింది. రోజుకు 5 మి.గ్రా. వేసుకుంటున్న వార్ఫరిన్‌ను 4 మి.గ్రా.కు తగ్గించి, నెల తర్వాత మళ్ళీ టెస్ట్ చేయించుకోమన్నారు. విరేచనాలు తగ్గాయి, మెట్రోనిడజోల్ కోర్సు అయిపోయింది, ఆమె మామూలుగా తినసాగారు. తగ్గించిన డోసు మాత్రం అలాగే ఉండిపోయింది. మూడు వారాలు గడిచాక ఒక ఉదయం క్లాసులో మాట తడబడింది, కుడి చెయ్యి పట్టు తప్పింది. అరగంటలో సర్దుకుంది. ఆసుపత్రిలో చూస్తే ఐఎన్ఆర్ 1.7. మెదడు స్కాన్‌లో దెబ్బతిన్న జాడ లేదు, ఎకోలో వాల్వ్ మీద గడ్డ కనిపించలేదు. దీన్ని టీఐఏ అంటాం, వాడుకలో మినీ స్ట్రోక్.

ఆ భయంతో డోసు ఒక్కసారిగా పెంచారు. రెండు వారాలకు 4.6 అయ్యింది, ముక్కులోంచి రక్తం కారింది. మళ్ళీ తగ్గించారు. ఆ దశలో ఆమె మా దగ్గరికి వచ్చారు.

ఇందులో ఎవరి నిర్లక్ష్యమూ నాకు కనిపించలేదు. ఆ రోజు ఎదురుగా ఉన్న అంకెకు ప్రతి నిర్ణయమూ సబబుగానే అనిపిస్తుంది. ఎంత పెరిగిందో చూసి డోసు మార్చారు, ఎందుకు పెరిగిందో అడగలేదు. టెస్టుకూ టెస్టుకూ మధ్య నెల ఖాళీ ఉండటంతో ఆ లోటు పైకి తేలేసరికి గడ్డ మెదడు దాకా వెళ్ళింది.

డోసు మార్చాక వారం ఎందుకు ఆగాలి

వార్ఫరిన్ నేరుగా రక్తం మీద పనిచేయదు. వాడిన విటమిన్ కె కాలేయంలో మళ్ళీ పనికొచ్చే రూపంలోకి రాకుండా అడ్డుపడుతుంది. దాంతో గడ్డకట్టడానికి కావలసిన 2, 7, 9, 10 నంబర్ల ఫ్యాక్టర్లు, అంటే రక్తంలోని ప్రోటీన్లు, సరిగ్గా తయారుకావు. అయితే అప్పటికే రక్తంలో తిరుగుతున్న ఫ్యాక్టర్లు వాటి ఆయుష్షు తీరేదాకా పనిచేస్తూనే ఉంటాయి. ఏడో ఫ్యాక్టర్ సుమారు ఆరు గంటల్లో సగానికి పడిపోతుంది. రెండోది, అంటే ప్రోథ్రాంబిన్, సగానికి రావడానికి 60 నుంచి 72 గంటలు తీసుకుంటుంది. వార్ఫరిన్ మందే ఒంట్లో సగం కావడానికి దాదాపు 40 గంటలు పడుతుంది.

అందువల్ల ఈ రోజు మార్చిన డోసు పూర్తి ప్రభావం తేలడానికి వారం దాకా పట్టొచ్చు. రెండో మూడో రోజున టెస్ట్ చేస్తే కనిపించే కదలిక ఎక్కువగా ఏడో ఫ్యాక్టర్‌ది. గడ్డలు కట్టకుండా కాపాడే అసలు మార్పు, అంటే ప్రోథ్రాంబిన్ తగ్గడం, అప్పటికింకా పూర్తవదు. తూము ఎత్తిన వెంటనే చివరి మడికి నీళ్ళు చేరవు. చేరలేదని ఇంకా ఎత్తుకుంటూ పోతే, చేరే వేళకు గట్టు తెగుతుంది. ఈ మాట ఆమెకు మొదటి రోజే చెప్పాను. ఇంట్లో మీటర్ ఉన్నవాళ్ళకు ఎక్కువగా వచ్చే ఇబ్బంది ఇదే కాబట్టి, మీటర్ చూపించడానికి ముందే దీని మీద చాలాసేపు కూర్చున్నాం.

కొత్త మాత్రలు ఎందుకు వాడలేదు

ఆమె భర్త అడిగిన మొదటి ప్రశ్న ఇదే. టెస్టులు అక్కర్లేని కొత్త మందులు వచ్చాయట కదా డాక్టర్ గారూ, అవి రాయకూడదా అని. న్యాయమైన ప్రశ్నే. వాల్వ్ సమస్య లేని ఏట్రియల్ ఫిబ్రిలేషన్‌కూ, కాలి సిరల్లో గడ్డలకూ ఇప్పుడు చాలామందికి వాటినే రాస్తున్నాం. మెటల్ వాల్వ్ ఉన్నవాళ్ళకు మాత్రం పనికిరావు. మెటల్ వాల్వ్ పేషెంట్లలో ఆ కొత్త మందుల్లో ఒకటైన డాబిగాట్రాన్‌ను పరీక్షించిన రీ-అలైన్ ట్రయల్‌ను గడ్డలూ రక్తస్రావాలూ రెండూ ఎక్కువ కావడంతో మధ్యలోనే ఆపేశారు, ఆ ఫలితాలు 2013లో ప్రచురించారు. ఒక రకం అయోర్టిక్ మెటల్ వాల్వ్ ఉన్నవాళ్ళలో వాటిలోనే ఇంకొకటైన అపిక్సబాన్‌ను పరీక్షించిన ప్రోయాక్ట్ టెన్-ఎ ట్రయల్‌ను గడ్డలు ఎక్కువ కావడంతో 2022లో మధ్యలోనే ఆపారు. రుమాటిక్ గుండె జబ్బుతో ఏట్రియల్ ఫిబ్రిలేషన్ ఉన్నవాళ్ళ మీద జరిగిన ఇన్విక్టస్ ట్రయల్ కూడా 2022లోనే వచ్చింది. అందులో మరో కొత్త మందు రివరాక్సబాన్ కంటే వార్ఫరిన్ తరహా మందులే మేలని తేలింది. కాబట్టి ఈమెకు వార్ఫరినే దారి. ఆ మందును మరింత జాగ్రత్తగా వాడటం ఎలా అన్నదే మా ముందున్న పని.

ఇంటి పరీక్షకు తగినవారేనా

రోగులే ఐఎన్ఆర్ చూసుకోవడం కొత్త ఆలోచన కాదు. జర్మనీలో 1980ల రెండో సగంలోనే మొదలైంది. అయినా అందరికీ సరిపడదు. మీటర్‌కు మొదట రక్తంలోనే కొన్ని అడ్డంకులుంటాయి. ఎర్ర రక్తకణాల శాతం మరీ తక్కువగానో మరీ ఎక్కువగానో ఉంటే రీడింగ్ నమ్మలేం. చాలా మీటర్లకు ఆ శాతం, అంటే హెమటోక్రిట్, 25 నుంచి 55 మధ్య ఉండాలి. యాంటీ ఫాస్ఫోలిపిడ్ యాంటీబాడీలు (గడ్డకట్టే గుణాన్ని పెంచే ఒక రకం యాంటీబాడీలు) ఉన్నవాళ్ళలో మీటర్ అసలు కంటే ఎక్కువ చూపించవచ్చు. ఆ ఎక్కువను నమ్మి మందు తగ్గిస్తే ప్రమాదం. ఆమెకు హెమటోక్రిట్ 38, యాంటీబాడీ పరీక్ష నెగటివ్.

తర్వాత మనిషి సంగతి. మాత్రలు మరిచిపోకుండా వేసుకుంటారా, చూపు బాగుందా, చెయ్యి వణుకుతుందా, అవసరమైనప్పుడు ఫోన్ చేస్తారా. చివరిదానికి నేను ఎక్కువ విలువ ఇస్తాను. చదువు ఎక్కువుండి, "నాకు తెలుసులే" అనుకునేవాళ్ళ కంటే, చదువు తక్కువైనా అనుమానం రాగానే ఫోన్ చేసేవాళ్ళు మా దగ్గర బాగా నెట్టుకొస్తున్నారు.

భర్త తానే వేలు గుచ్చి టెస్ట్ చేస్తానన్నారు. ఆయన ప్రేమ అర్థమైంది, కానీ నేను ఒప్పుకోలేదు. ఆయన కూడా నేర్చుకోవాలి, ఆమె జ్వరంతో పడుకుంటే చేయాలి కదా. మామూలు వారాల్లో మాత్రం చెయ్యాల్సింది ఆమే, రాయాల్సింది ఆమే. ఒంటి సంగతి తెలిసిన మనిషి, అంకె చూసే మనిషి ఒకరే అయినప్పుడు "ఈ వారం సరిగ్గా తినలేదు" అన్న విషయం ఆ అంకె పక్కకు దానంతట అదే వచ్చి చేరుతుంది.

మీటర్‌తో మొదటి వారాలు

స్ట్రిప్ మీద థ్రాంబోప్లాస్టిన్ ఉంటుంది. రక్తం తగలగానే గడ్డకట్టే ప్రక్రియ మొదలవుతుంది, దానికి పట్టిన సమయాన్ని మీటర్ ఐఎన్ఆర్‌గా మార్చి చూపిస్తుంది. ఒకటి రెండు నిమిషాల పని. 1980లలో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఐఎన్ఆర్ ప్రమాణాన్ని తెచ్చింది కాబట్టే ఇంట్లో మీటర్ అంకెను ల్యాబ్ అంకె పక్కన పెట్టి చూడగలుగుతున్నాం.

చుక్క తీయడంలో ఉండే తప్పులు చిన్నవి, కానీ రీడింగ్‌ను పాడుచేస్తాయి. చేతులు గోరువెచ్చని నీళ్ళతో కడిగి పూర్తిగా ఆరబెట్టాలి. చెయ్యి కాసేపు కిందికి వేలాడదీయాలి. వేలి కొనకు పక్కగా గుచ్చాలి. రక్తం రాలేదని వేలిని పిండకూడదు, పిండితే కణజాలంలోని ద్రవం రక్తంలో కలిసి గడ్డకట్టే వేగం మారిపోతుంది. గుచ్చిన 15 సెకన్లలోపు మొదటి చుక్కే స్ట్రిప్ మీద పడాలి. చాలలేదని రెండో చుక్క కలపకూడదు. ఆ స్ట్రిప్ పారేసి, వేరే వేలు, కొత్త స్ట్రిప్. స్ట్రిప్ డబ్బాకు మూత గట్టిగా పెట్టాలి, తేమ తగలకూడదు. ఆమె మొదట్లో వేలు పిండేవారు. గోరువెచ్చని నీళ్ళలో చెయ్యి కాస్త ఎక్కువసేపు ఉంచడం అలవాటయ్యాక ఆ అవసరం పోయింది.

శిక్షణ రోజుల్లో వచ్చిన ప్రతిసారీ మీటర్ రీడింగ్‌తో పాటు సిరలోంచి రక్తం తీసి ల్యాబ్‌కు పంపాం. మీటర్ 2.8 అంటే ల్యాబ్ 2.6, మీటర్ 3.4 అంటే ల్యాబ్ 3.1. అంటే ఆమె మీటర్ కాస్త ఎక్కువ చూపుతుంది. 0.5 లోపు తేడా అయితే మేము ఒప్పుకుంటాం. ఈ విషయం నోట్‌బుక్ మొదటి పేజీలో రాసిపెట్టాం. అంకె పెరిగేకొద్దీ మీటర్‌కూ ల్యాబ్‌కూ మధ్య తేడా కూడా పెరుగుతుంది కాబట్టి 5 దాటిన రీడింగ్‌ను మీటర్ మాట మీదే వదిలేయం. 2018లో అమెరికాలో ఒక రకం స్ట్రిప్పులు 4.5 పైన అసలు కంటే ఎక్కువ చూపిస్తున్నాయని లక్షల ప్యాకెట్లు వెనక్కి పిలిపించారు. మీటర్‌ను ఆరు నెలలకోసారి ల్యాబ్‌తో సరిచూడమని పట్టుబట్టడానికి ఇదొక కారణం.

నోట్‌బుక్‌లో ఒక గడి

చాలా క్లినిక్‌ల చార్టుల్లో తేదీ, ఐఎన్ఆర్, డోసు అనే మూడు గడులుంటాయి. మేము ఐఎన్ఆర్‌కూ డోసుకూ మధ్య ఇంకో గడి పెట్టాం: కారణం. అంకె రాశాక, డోసు గురించి ఆలోచించే ముందు, ఆ గడి నింపాలి. జ్వరం, విరేచనాలు, తిండి తగ్గడం, కొత్త మందు, మానేసిన మందు, మరిచిపోయిన మాత్ర, విటమిన్ కె ఉండే ఆకుకూరలు అలవాటు కంటే ఎక్కువ తక్కువ కావడం. ఏమీ లేకపోతే "ఏమీ లేదు" అని రాయాలి.

డోసు నియమాలు ఒక కాగితం మీద రాసిచ్చాం. ఇవి ఆమె వాల్వ్‌కూ, ఆమె చరిత్రకూ సరిపడేవి, ఇంకొకరు వాడకూడదు. 2.5 నుంచి 3.5 మధ్య ఉంటే మార్పు లేదు. 3.6 నుంచి 4.0 మొదటిసారి వస్తే మార్పు లేదు, వారానికి మళ్ళీ చూడాలి. రెండోసారీ అలాగే ఉండి, తాత్కాలిక కారణం ఏదీ లేకపోతే వారం మొత్తం డోసులో 5 నుంచి 10 శాతం తగ్గించాలి. 2.2 నుంచి 2.4 వస్తే మాత్ర మరిచిపోయారేమో చూసుకుని నాలుగు రోజుల్లో మళ్ళీ టెస్ట్, రెండోసారీ అంతే ఉంటే అదే లెక్కన పెంచాలి. 2.2 కంటే తగ్గితే అదే రోజు ఫోన్. ఇదివరకు టీఐఏ వచ్చింది కాబట్టి కింది వైపు కఠినంగా ఉన్నాం. 4.1 నుంచి 5.0 వస్తే ఒక పూట మాత్ర ఆపి, మర్నాడు మాకు చెప్పాలి. 5 దాటితే వేరే వేలితో మళ్ళీ టెస్ట్, ఆ రోజు మాత్ర ఆపాలి, వెంటనే ఫోన్, ల్యాబ్ టెస్ట్. తలకు దెబ్బ తగిలినా, ఆగని రక్తస్రావం ఉన్నా, మలం నల్లగా వచ్చినా, మాట తడబడినా, చెయ్యో కాలో పట్టు తప్పినా అంకె ఎంతున్నా సరే నేరుగా ఆసుపత్రికి.

ఇంకో నియమం ఉంది: వరుసగా మూడు రీడింగ్‌లు, ఒక్కొక్కటీ దాని ముందుదాని కంటే, ఒకే దిక్కుగా జరుగుతుంటే, పరిధిలోనే ఉన్నా ఫోన్ చేయాలి. అది ఎందుకు పెట్టామో కింద చెబుతాను.

మాత్రలు కూడా ఒకే స్ట్రెంత్, 1 మి.గ్రా. మాత్రమే. రోజుకు ఐదు మాత్రలు మింగాలి, కాస్త చిరాకే. కానీ ఇంట్లో రెండు మూడు స్ట్రెంత్‌లు ఉంటే డోసు మార్చిన రోజున ఏ మాత్ర ఎంతో తికమక పడటం చాలాసార్లు చూశాను. ఈ విషయంలో నేను సర్దుకోను.

మొదటి రెండు నెలలు: టెన్షన్

మీటర్ ఇంటికి వెళ్ళాక ఆమె దాదాపు రోజూ టెస్ట్ చేసుకున్నారు. 2.9, 3.2, 2.7, 3.1. అన్నీ పరిధిలోవే. అయినా 2.7 వచ్చిన రాత్రి ఆమెకు నిద్ర పట్టలేదట, మినీ స్ట్రోక్ మళ్ళీ వస్తుందేమోనని. ఒకసారి 2.7 చూసి ఒక మాత్ర అదనంగా వేసుకున్నారు కూడా. మర్నాడు ఫోన్ చేసి చెప్పారు. ఆ నిజాయితీ నాకు చాలా నచ్చింది, ఆమెకు డోసు అప్పగించవచ్చన్న నమ్మకం అక్కడే కుదిరింది.

పరిధిలో ఉన్న రెండు అంకెల మధ్య తేడాకు చాలావరకు అర్థం ఉండదు. తిండిలో, నిద్రలో, మాత్ర వేళలో, చుక్క తీసిన తీరులో ఉండే చిన్న తేడాలన్నీ అందులో కలుస్తాయి. ఒకే రోజు ఒకే మనిషికి రెండు వేళ్ళ నుంచి తీసినా అంకె అచ్చంగా ఒకటే రాదు. ఇది ఆమెకు మాటల్లో కంటే కళ్ళతో చూపించడం మేలనిపించి, క్లినిక్‌లో పది నిమిషాల తేడాతో రెండు టెస్టులు చేయించాం. 3.0, 2.8. ఆ మధ్యలో ఆమె చేసిందల్లా కుర్చీలో కూర్చోవడమే. ఆ తర్వాత వారానికి ఒక రోజు నిర్ణయించుకుని, ఆ రోజే టెస్ట్ చేయడం మొదలుపెట్టారు. ఆ నెలల్లో డోసు గడిలో వరుసగా "మార్చలేదు" అని ఉంటుంది. ఆ నోట్‌బుక్‌లో నాకు బాగా ఇష్టమైన పేజీలు అవే.

అయిదో నెల: అదే పరీక్ష మళ్ళీ

మూత్రంలో ఇన్ఫెక్షన్, జ్వరం. చూపించుకున్న డాక్టర్ కో-ట్రైమాక్సజోల్ అనే యాంటీబయాటిక్ రాశారు. ఇది వార్ఫరిన్‌ను ఒంట్లోంచి బయటికి పంపే ఎంజైమును అణిచేస్తుంది, ఐఎన్ఆర్ గట్టిగా పెరుగుతుంది. కొత్త మందు ఏది వచ్చినా చెప్పాలన్న నియమం ప్రకారం ఆమె మర్నాడు ఉదయమే ఫోన్ చేశారు, అప్పటికి రెండు మాత్రలు వేసుకున్నారు. ఆ డాక్టర్‌తో మాట్లాడితే ఆయన వెంటనే అంగీకరించి, వార్ఫరిన్‌తో అంతగా తగాదా పడని మందుకు మార్చారు. అయినా జ్వరం ఉంది, తిండి సగానికి తగ్గింది. నొప్పులకు పారాసిటమాల్ కూడా పూటపూటా పడుతోంది. రోజుకు 2 గ్రాముల చొప్పున కొన్ని రోజులు వాడితే అదీ ఐఎన్ఆర్‌ను పెంచగలదు.

మూడో రోజు మీటర్‌లో 4.3.

కారణం గడిలో ఆమె రాసింది: "జ్వరం, తిండి లేదు, యాంటీబయాటిక్. తగ్గిపోయేవి." డోసు గడిలో: "ఈ రాత్రి మాత్ర వద్దు. వారం డోసు 35 అలాగే." మర్నాడు ఫోన్‌లో చదివి వినిపించారు. మేము మార్చాల్సింది ఏమీ లేదు. రెండు రోజులకు 3.4, ఆ తర్వాతి వారం 2.9.

ఒక ఏడాది ముందు దాదాపు ఇదే పరిస్థితి, దాదాపు ఇంతే ఐఎన్ఆర్. అప్పుడు వారం డోసులో 20 శాతం కోశారు, మూడు వారాలకు 1.7కు దిగింది. తాత్కాలికంగా వచ్చిన కారణానికి తాత్కాలికమైన సర్దుబాటే సరిపోతుంది, వారం డోసును కదిలించకూడదు. ఈ ఒక్క విషయం కోసమే నేను ఆ గడిని ప్రతి పేషెంట్ నోట్‌బుక్‌లో పెట్టిస్తున్నాను.

ఏమీ చేయకపోవడం ఎక్కడ ఆగాలి

ఇంతవరకు చదివితే డోసు కదపకుండా కూర్చుంటే చాలనిపిస్తుంది. తొమ్మిదో నెలలో అలా కుదరని పరిస్థితి వచ్చింది. గుండె లయ కోసం ఆమెను చూసే డాక్టర్ అమియోడరోన్ మొదలుపెట్టారు. ఆ మందు కూడా వార్ఫరిన్ ప్రభావాన్ని పెంచుతుంది, కానీ నెమ్మదిగా. ఒంట్లో పేరుకుపోతూ, వారాల తరబడి ప్రభావం ఎక్కుతూ పోతుంది. చివరికి వార్ఫరిన్ డోసులో మూడో వంతు నుంచి సగం దాకా తగ్గించాల్సి రావచ్చు.

ముందే డోసు కోసేయడం ఒక పద్ధతి. ఈమెకు అది వద్దనుకున్నాను. ఐఎన్ఆర్ తగ్గినప్పుడు ఏం జరిగిందో చూశాం. వారం వారం టెస్ట్ ఎలాగూ ఉంది కాబట్టి పెరిగేకొద్దీ తగ్గిద్దామని నిర్ణయించాం. రీడింగ్‌లు ఇలా వచ్చాయి: 2.9, 3.1, 3.4, 3.7. వీటిని విడివిడిగా తీసుకుంటే మా కాగితం ప్రకారం ఏ అంకెకూ డోసు మార్చనక్కర్లేదు. కలిపి చూస్తే ఆగకుండా ఎక్కుతున్న మెట్లు. మామూలు ఊగిసలాటలో అంకె అటూ ఇటూ పోతుంది, ఒకే వైపు పోతోందంటే వెనక ఏదో తోస్తోంది. ఆ మూడు రీడింగ్‌ల నియమం ఇందుకే. నాలుగో రీడింగ్ రాగానే ఆమె ఫోన్ చేశారు. అక్కడి నుంచి డోసు నిర్ణయాలు కొన్ని వారాల పాటు మా చేతికి తీసుకున్నాం. వారానికి 35 మి.గ్రా. నుంచి మెల్లగా దిగుతూ 24 దగ్గర నిలిచింది. నిలకడ వచ్చాక మళ్ళీ ఆమెకే అప్పగించాం, కాగితం మీద కొత్త లెక్కలు రాసిచ్చాం.

ఇంట్లో డోసు సర్దుకోవడం అంటే క్లినిక్‌తో తెగతెంపులు అనుకునేవాళ్ళకు ఈ భాగం చూపిస్తాను. నిర్ణయం పరిస్థితిని బట్టి చేతులు మారుతూ ఉండాలి. మార్చుకునే వేళ ఏదో ఇద్దరికీ ముందే తెలిసి ఉండాలి.

ఏడాది తర్వాత

మా దగ్గరికి రాకముందు ఏడాదిలో ఆమె ఐఎన్ఆర్ పరిధిలో ఉన్న కాలం 46 శాతం. ఇంటి పరీక్ష మొదలైన ఏడాదిలో 78 శాతం. ఇది 1993లో రోజెండాల్ ప్రతిపాదించిన పద్ధతిలో వేసిన లెక్క. రెండు టెస్టుల మధ్య ఐఎన్ఆర్ సరళరేఖలో మారిందని అనుకుని, అందులో పరిధిలో పడిన రోజులను లెక్కిస్తారు. నెలకోసారి టెస్ట్ అయినప్పుడు ఆ రేఖలో ఊహే ఎక్కువ, కాబట్టి మొదటి అంకెను మరీ గట్టిగా పట్టుకోను. ఆ ఏడాదిలో స్ట్రోక్ లేదు, పెద్ద రక్తస్రావం లేదు. ఒకసారి ముక్కులోంచి కాస్త రక్తం వచ్చి నొక్కిపెడితే ఆగింది, ఆ రోజు ఐఎన్ఆర్ 3.0.

ఒక్క పేషెంట్ బాగున్నంత మాత్రాన పద్ధతి మంచిదని తేలదు. పెద్ద అధ్యయనాలు ఏమంటున్నాయో చూడాలి. అమెరికాలో వెటరన్స్ (మాజీ సైనికుల) ఆసుపత్రుల్లో జరిగి, 2010లో ఫలితాలు వెలువడిన హోమ్ ఐఎన్ఆర్ స్టడీ (THINRS) అనే ట్రయల్‌లో 2,922 మందిని రెండుగా విడదీశారు. ఒక వర్గం వారానికోసారి ఇంట్లో టెస్ట్ చేసుకుంది, కానీ డోసు నిర్ణయం క్లినిక్‌దే. రెండో వర్గానికి నెలకోసారి క్లినిక్‌లో మంచి నాణ్యమైన పర్యవేక్షణ. స్ట్రోక్, పెద్ద రక్తస్రావం, మరణం కలిపి చూస్తే రెండు వర్గాల మధ్య చెప్పుకోదగ్గ తేడా రాలేదు. చాలా ట్రయల్స్‌ను కలిపి చూసే కొక్రేన్ సమీక్ష 2016లో వచ్చింది, అందులో 28 ట్రయల్స్, 8,950 మంది. టెస్టూ డోసూ రెండూ తామే చూసుకున్నవాళ్ళలో గడ్డల ప్రమాదం సగానికి పైగా తగ్గింది, మరణాలూ తగ్గాయి. టెస్ట్ మాత్రమే ఇంట్లో చేసుకున్నవాళ్ళలో మరణాలు తగ్గలేదు. పెద్ద రక్తస్రావాలు ఏ వర్గంలోనూ తగ్గలేదు, పెరగనూ లేదు. 2012లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చిన విశ్లేషణలో 55 ఏళ్ళలోపువాళ్ళకూ, మెటల్ వాల్వ్ ఉన్నవాళ్ళకూ మేలు స్పష్టంగా కనిపించింది. ఈమె ఆ రెండు వర్గాల్లోనూ ఉన్నారు.

ఒక హెచ్చరిక. ఈ ట్రయల్స్‌లో డోసు సర్దుకున్నవాళ్ళు శిక్షణకు ఒప్పుకుని, పూర్తిచేసి, పరీక్షలో నెగ్గినవాళ్ళు. మీటర్ కొనుక్కుని ఎవరి దగ్గరా నేర్చుకోకుండా డోసు మార్చేవాళ్ళకు ఈ ఫలితాలు వర్తించవు. అలాంటివాళ్ళను చూస్తే నాకు నిజంగా భయం వేస్తుంది.

మా దగ్గరే ఇంకొక పెద్దాయన ఉన్నారు, చూపు తగ్గింది, మాత్రలు అప్పుడప్పుడు మరిచిపోతారు. ఆయనకు కోడలు ఇంట్లో టెస్ట్ చేసి అంకె చెబుతుంది, డోసు మేమే చెబుతాం. ఆ ఏర్పాటు ఆయనకు బాగా కుదిరింది. అందరినీ డోసు నిర్ణయం దాకా లాక్కురావాలన్న పట్టుదల అక్కర్లేదు.

ప్రస్తుతం

ఆమెకు ఇప్పుడు ఒక పన్ను తీయాల్సి ఉంది. వార్ఫరిన్ ఐదు రోజులు ఆపమని తెలిసినవాళ్ళెవరో సలహా ఇచ్చారట. ఆపవద్దని చెప్పాం. పన్ను తీయడానికి ముందు 24 గంటల్లోపు చూసిన ఐఎన్ఆర్ 4.0 కంటే తక్కువ ఉంటే మందు ఆపకుండానే తీయొచ్చు, ఆ చోట నొక్కిపట్టి, కుట్టు వేసి రక్తం ఆపుతారు. మెటల్ వాల్వ్ ఉంది కాబట్టి గుండెకు ఇన్ఫెక్షన్ రాకుండా, పన్ను తీయడానికి అరగంట నుంచి గంట ముందు అమాక్సిసిలిన్ 2 గ్రాములు ఒకే డోసు. తర్వాత నొప్పికి పారాసిటమాల్ తక్కువ మోతాదులో. ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ లాంటివి వద్దు. అవి ఐఎన్ఆర్ మారకుండానే రక్తస్రావాన్ని పెంచుతాయి, మీటర్ చూసి పసిగట్టలేం. కొన్ని రోజులు మెత్తటి తిండి, తిండి తగ్గొచ్చు కాబట్టి నాలుగో రోజున అదనంగా ఒక టెస్ట్. కారణం గడిలో ఏం రాయాలో ఆమెకు చెప్పనక్కర్లేకపోయింది. నోట్‌బుక్‌లో ఆ తేదీ దగ్గర "పన్ను, తిండి తక్కువ" అని ముందే రాసుకుని వచ్చారు.